బెలుం పాతాళగంగ – మన దొరువు నీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోద్యమమును గూర్చియు, అయ్యంకి వెంకటరమణయ్యగారివంటి మహనీయుల సేవను గూర్చియు నాకు ముందు మాటలాడిన పెద్దలు సెలవిచ్చియున్నారు. ఆ విషయమున నేను చేర్చవలసినదేమియు లేదు. మన పాఠకులము ఇరువదిమంది కలిసి చేసి వచ్చిన బెలుం గుహల యాత్రను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. అదియే చెప్పెదను. అయితే ఆ గుహ కథ బెలుములో ఆగునది కాదు. అది మన ఊరి దొరువుల వరకు వచ్చును. ఏ దారిన వచ్చునో మీరే వినుడు.

మన తీరమునుండి బెలుమునకు పోవలెనన్న నెల్లూరు, ఆత్మకూరు మీదుగా వెలిగొండలు దాటి, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా సాగిపోవలెను. కోడి కూయకముందు బయలుదేరిన మన బస్సు మధ్యాహ్నమునకు అక్కడికి చేరినది. బెలుం గ్రామము నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోనిది. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరుగువరకు అది కర్నూలు జిల్లాలో నుండెను. జమ్మలమడుగు దాటిన పిమ్మట భూమి స్వరూపమే మారిపోవును. ఇసుక లేదు, సరుగుడు లేదు, తాడిచెట్ల వరుస లేదు. పొరలు పొరలుగా పరచినట్లున్న నాపరాయి. ఇండ్ల గోడలు నాపరాయి, కప్పులు నాపరాయి, పొలముల సరిహద్దులకు నిలువుగా పాతిన పలకలును నాపరాయియే. ఈ రాతిని మనమెరుగుదుము. మీరిప్పుడు కూర్చున్న ఈ వరండాలో పరచిన నల్లని బండలను 'కడప బండ'లని పిలుచుకొనుచున్నాము గదా, అవి ఆ జాతి రాళ్ళే.

మరియొక చుట్టరికమును కలదు. త్రోవలో జమ్మలమడుగు చెంత పెన్నానదిని చూచితిమి. గండికోట వద్ద కొండను నిలువున కోసికొని వచ్చు ఆ నదియే సోమశిల దాటి, నెల్లూరు ప్రక్కగా ప్రవహించి, ఊటుకూరు వద్ద మన సముద్రములో కలియుచున్నది. బెలుం ప్రాంతము పెన్నా పరీవాహకములోనిదే. అక్కడి సున్నపురాతిని కరిగించిన వాననీటిలో కొంత భాగము ఎన్నియో వేల ఏండ్లుగా మన దిక్కునకే వచ్చుచున్నదన్నమాట. బస్సులో ఈ మాట చెప్పినప్పుడు, "అయితే మనం నీళ్ళ పుట్టింటికి పోతా ఉండామన్నమాట" అని మన జట్టులోని ఒక అవ్వ అన్నది. ఆమె మాట నేను వ్రాసికొనిన వివరములన్నిటికంటె బాగున్నది.

గుహయనగానే కొండ ఎక్కవలెనని మనవారు చేతికర్రలు తెచ్చుకొనిరి. విశాఖ మన్యములోని బొర్రా గుహలను చూచినవారికి అట్లు తోచుట సహజమే. బెలుములో కొండ లేదు. చదునైన మైదానము నడుమ మూడు పెద్ద బావులవంటి గోతులున్నవి. నడిమి గోతిలోనికి మెట్లు దిగినచో గుహలో నుందుము. పైన పొలము దున్నుకొనుచున్న రైతునకు తన కాళ్ళక్రింద ఇట్టి లోకమొకటి యున్నదని తోచుటకు ఏ గుర్తును లేదు. మూయని బావి నోరు, అంతే.

ఈ గుహను లోకమునకు వ్రాతమూలకముగా తెలియజేసినవాడు రాబర్టు బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు. అది 1884 నాటి మాట. అంతకుముందు ఎవరికిని తెలియదని మాత్రము అనుకొనరాదు. ఒకప్పుడు బౌద్ధ, జైన సన్న్యాసులు అందులో నివసించియుండిరని పెద్దలు చెప్పుదురు. ధ్యానమందిరమని పేరుపెట్టిన భాగము వారిదే యందురు. ఆ చరిత్రకు గురుతుగా నేడు గుహకు సమీపమున బుద్ధుని పెద్ద విగ్రహమొకటి నిలిపియున్నారు. ఫుట్ దొరగారి తరువాత సుమారు నూరేండ్లు ఎవ్వరును పట్టించుకొనలేదు. 1982, 1983 సంవత్సరములలో జర్మనీ దేశపు గుహాన్వేషకుడు డానియల్ గెబావర్ తన బృందముతో వచ్చి, లోపలి త్రోవలను వివరముగా శోధించి కొలిచెను. 1985లో రాష్ట్ర ప్రభుత్వము దానిని రక్షిత ప్రదేశముగా ప్రకటించెను. 2002లో పర్యాటక శాఖవారు దారులు బాగుచేసి, దీపములు పెట్టి, జనులకు తెరచిరి. ఇప్పటివరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. మనదేశపు మైదాన ప్రాంతములలో ఇంత పొడవైన గుహ మరియొకటి లేదు. మేఘాలయలోని గుహలు దీనికంటె చాల పెద్దవి, కాని అవి కొండప్రాంతములోనివి. అందులో యాత్రికులు నడువదగిన దారి సుమారు కిలోమీటరున్నర.

లోపలికి దిగిన పది నిమిషములకే చెమట కారదొడగెను. చల్లగా నుండునని ఎంచినవారు ఆశ్చర్యపడిరి. గాలి ఆడనిచోట ఉక్క పోయును గదా. పైనుండి గొట్టములద్వారా గాలి పంపుచున్నారు గాని, ముసలివారు, ఆయాసము గలవారు ఆలోచించుకొని దిగవలెను. కొన్నిచోట్ల తల వంచి, మరికొన్నిచోట్ల ప్రక్కవాటున నడువవలసియుండును. తరువాత ఒక్కసారిగా పెద్ద మండపము తెరచుకొనును. సింహద్వారమని, కోటిలింగములని, వేయిపడగలని, ఊడల మఱ్ఱియని ఒక్కొక్క చోటునకు ఒక్కొక్క పేరు. పైకప్పునుండి రాతి ఊడలు దిగుచున్నవి. నేలనుండి శివలింగములవలె రాళ్ళు లేచుచున్నవి. వేయిపడగల చోటున పైకప్పంతయు పాము పడగలు విప్పినట్లే యున్నది. సప్తస్వరాల గుహలో రాతి పలకలను వ్రేళ్ళతో తట్టిన కంచుపళ్ళెము మ్రోగినట్లు మ్రోగును. అక్కడ మన పిల్లలను కదలించుట కష్టమైపోయినది.

ఈ రాయి ఇట్లెందుకు కరిగినదో, మరల ఎందుకు పేరుకొన్నదో రెండు మాటలలో చెప్పెదను. వానచినుకు పడునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకొనును. మట్టిలోనికి దిగినప్పుడు, క్రుళ్ళిన ఆకులనుండి, వేళ్ళనుండి పుట్టు అదే వాయువును మరింత కలుపుకొనును. అందుచే ఆ నీటికి స్వల్పమైన పులుసుదనము వచ్చును. సోడా నీరును మించినది కాదు, నాలుకకు తెలియనైన తెలియదు. ఆ కొలది పులుసే సున్నపురాతిని కరిగించుటకు చాలును. రాతి నెఱ్ఱెలగుండ నీరు దిగుచు, దిగినకొలది నెఱ్ఱెను వెడల్పు చేయుచు, వ్రేలంత సందును వాకిలియంత చేయును. నీరు క్రింది మట్టమునకు తరలిపోయిన పిమ్మట ఖాళీ నిలుచును. దానినే మనము గుహయనుచున్నాము. తరువాత పైనుండి చుక్కచుక్కగా దిగు నీరు గుహలోని గాలి సోకగానే తనలోని వాయువును వదలిపెట్టును. వాయువు పోయినప్పుడు సున్నము నీటిలో నిలువజాలదు, చుక్క నిలిచిన చోటనే పేరుకొనును. మన ఇండ్లలో నీరు కాచు పాత్రల అడుగున తెల్లని పొర కట్టుట చూచియున్నారు గదా. ఆ పొరయు ఈ రాతి ఊడయు ఒకే పదార్థము. తేడా యంతయు కాలములోనే. పాత్ర అడుగు పొరకు కొన్ని నెలలు చాలును. ఊడ ఏటికి మిల్లీమీటరులో పదియవ వంతు పెరుగునని ఉజ్జాయింపుగా లెక్కింతురు. అనగా వేయి ఏండ్లకు నాలుగంగుళములు. నీరు తక్కువైన సీమలో అంతయు పెరుగదు. కనుక దానిని చేతితో తాకవద్దని అక్కడివారు చెప్పు మాట ఉత్త మాట కాదు. చేతి జిడ్డు అంటినచోట నీటిచుక్క సరిగా పరచుకొనక, ఊడ పెరుగుట నిలిచిపోవును.

సముద్రతీరవాసులముగా మనకు తెలియదగిన విశేషమొకటి. ఆ సున్నపురాయి ఒకప్పటి సముద్రము అడుగున పేరుకొన్నదే. పులికాటు సరస్సు అడుగునుండి గుల్ల త్రవ్వి సున్నము కాల్చిన కుటుంబములు మన జిల్లాలో నుండెను. తరతరములుగా మన ఇండ్ల గోడలకు పూసినది ఆ గుల్ల సున్నమే. గుల్ల పురుగు చచ్చిన తరువాత మిగిలిన ఇల్లు ఆ సున్నము. బెలుం రాతిలో వెదకినను గుల్లలు కనబడవు. ఏలయన, ఆ రాయి పేరుకొన్న నాటికి గుల్ల కట్టుకొను ప్రాణియే ఇంకను పుట్టలేదు. యాబది కోట్ల సంవత్సరములకు చాల పూర్వపు సముద్రమది. ఆ సముద్రము నేడు కొలిమిగుండ్ల పొలములక్రింద రాయియై యున్నది.

ఇక పాతాళగంగ సంగతి. గుహలో అన్నిటికంటె లోతైన స్థలమది. నేలమట్టమునకు సుమారు 46 మీటర్ల క్రింద, అనగా నూటయేబది అడుగుల లోతున నున్నది. ఇనుపమెట్లమీదుగా దిగవలెను. పేరు విని, దీపములతో మెరయు పెద్ద సరస్సును ఊహించుకొన్నవారికి కొంత నిరాశ కలుగును. నిజము చెప్పవలెను గదా. స్విట్జర్లాండులోని సెంట్ లియోనార్డు అను చోట భూమిలోపల మూడువందల మీటర్ల పొడవుగల సరస్సున్నది. అందులో యాత్రికులను పడవలలో త్రిప్పుదురు. మన పాతాళగంగలో కాగితపు పడవకు మాత్రమే చోటు. రాతి మధ్య ఒక చిన్న నీటి పట్టు, దానిలోనికి ఎక్కడినుండియో వచ్చు సన్నని ధార, ఆ ధార మరల రాతిలోనికే దిగి కనబడకుండ పోవుట. ఇంతే. ఆ నీరు ఆగ్నేయమునుండి వాయవ్యముగా పోవుననియు, రెండు కిలోమీటర్ల దూరమునగల బెలుం గ్రామపు బావిలో తేలుననియు అక్కడి ప్రజల నమ్మకము.

అయినను అందరమును అక్కడనే ఎక్కువసేపు నిలిచితిమి. పైన అరచి, నవ్వి, ఛాయాచిత్రములు తీసికొన్నవారు అక్కడ నోరు మెదపలేదు. బస్సులో పుట్టింటి మాట చెప్పిన అవ్వ వంగి దోసెడు నీరు నెత్తిన చల్లుకొన్నది. అప్పుడు మన పల్లెపాలెమునకు చెందిన ఒక పెద్దాయన, నలుబదియేండ్లు సముద్రముమీద వల వేసిన మనిషి, దారి చూపు కుర్రవానిని పిలిచి అడిగినాడు:

"ఏందబ్బయా, ఈ నీళ్ళు పోటుకి పెరగతాయా? పాటుకి తగ్గతాయా?"

ఆ కుర్రవాడు నవ్వెను. "సముద్రం యాడ, మేం యాడ తాతా! వాన పడితే పెరుగుతాయి, ఎండాకాలం తగ్గుతాయి. అంతే."

పెద్దాయన తల ఊపి, "అయితే ఇది మా దొరువు మాదిరే" అన్నాడు.

నా ప్రసంగమునకు మూలము ఆ మాట.

అది వివరించుటకు ముందు ఆ గుహ అనుభవించిన అవస్థ ఒకటి చెప్పవలసియున్నది. 1988 ప్రాంతమువరకు చుట్టుప్రక్కలవారు ఆ గోతులలో చెత్త పారబోయుచుండిరి. నోరు తెరచిన గొయ్యి, లోపల ఏమున్నదో కనబడదు, వేసినది తిరిగి రాదు. చెత్తకు ఇంతకంటె అనువైన చోటు ఏది? పదవీవిరమణ చేసిన పోలీసు సూపరింటెండెంటు ఎం. నారాయణరెడ్డిగారును, మరికొందరు స్థానికులును పూనుకొని శుభ్రపరచి, ప్రభుత్వము దృష్టికి తేకపోయినచో మనము చూచినది కుప్పతొట్టియే యయ్యెడిది. ఆ చెత్తను వేసినవారు దుర్మార్గులు కారు. కంటికి కనబడని నీరు తమ బావికి చుట్టమని వారికి తోచలేదు, అంతే.

సున్నపురాతి నేలలో ఆ చుట్టరికమెంత దగ్గరిదో ఫ్రాన్సు దేశమున జరిగిన సంగతియొకటి చెప్పును. 1901 ఆగస్టులో పొంతార్లియే అను పట్టణమందలి సారాయి కర్మాగారముమీద పిడుగుపడి నిప్పంటుకొన్నది. పీపాలు పేలునన్న భయముచే అక్కడి పనివారు నిలువలోని మద్యమును డూబ్ అను నదిలోనికి వదలివేసిరి. రెండు మూడు దినములకు, ఎన్నియో మైళ్ళ దూరమున, కొండకు ఆవలగల లూ అను మరియొక నది పుట్టుక స్థానమున నీరు మద్యపు వాసన కొట్టెను! అంతవరకు లూ నది వేరు, డూబ్ నది వేరు అనుకొనుచుండిరి. భూమిలోపల రెంటికిని దారియున్నదని ఆ అగ్నిప్రమాదము తెలిపెను. తరువాత 1910లో మార్టెల్ అను గుహశాస్త్రజ్ఞుడు నదిలో రంగు కలిపి పరీక్షించి నిశ్చయపరచెను. ఆ రెండు మూడు దినములు లూ ఒడ్డున నీరు త్రాగినవారి ఆనందమును గూర్చి చరిత్రకారులు ఏమియు వ్రాయలేదు.

ఇప్పుడు మన సంగతి. మన క్రింద నాపరాయి లేదు, గుహ లేదు. ఇసుక. మన ఊరినుండి సముద్రపుటొడ్డునకు పోయి, అలకు నూరు గజముల దూరమున ఇసుకదిబ్బ ప్రక్కన చేతితో చెలమ త్రవ్వినను తీపినీరు ఊరును. ఉప్పు సముద్రము ఒకవంక, ఉప్పునీటి బకింగ్‌హాం కాలువ మరొకవంక, నడుమ తీపినీరు. మనము పుట్టినది మొదలు చూచుచున్నాము గనుక ఇది మనకు వింత కాదు. పరదేశి చూచిన ఆశ్చర్యపోవును. ఈ నీటితోనే మన తాతలు దొరువులు త్రవ్వి, కడవలతో మోసి నారుమడులు పోసిరి, వేరుశెనగ, కూరగాయలు పండించిరి. ఆడవారు బిందెలు నింపుకొనిరి.

ఈ తీపినీరు ఎక్కడిది? సముద్రపు నీరు ఇసుకలో వడగట్టబడి తీయనగునని మనవారిలో పలువురు నమ్ముదురు. అది కాదు. ఇసుక ఉప్పును వడగట్టలేదు. అది ముమ్మాటికి వాననీరు. అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనము మన దిబ్బలమీద కురిసిన వాన ఇసుకలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిమీద తేలి నిలుచును. తీపినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఒక పెద్ద గిన్నెలోని పెరుగుమీద మీగడ తేలినట్లు మన ఊరి క్రింద మంచినీటి సరస్సొకటి తేలుచున్నది. కంటికి కనబడదు, ఇసుక రేణువుల సందులలో నున్నది. బెలుములో రాతి ద్వారము తెరచియుండుటచే పాతాళగంగను దిగి చూచితిమి. మన పాతాళగంగకు ద్వారము లేదు. దొరువే ద్వారము.

ఈ సరస్సు లోతును గూర్చి ఇద్దరు పాశ్చాత్యులు వేరువేరుగా లెక్క కట్టిరి. ఒకరు హాలెండు దేశపు ఇంజనీరు బాడన్ గైబెన్, 1880 దశకము చివర. మరియొకరు జర్మనీ దేశీయుడు హెర్జ్‌బర్గ్, 1901లో. సముద్రజలము మంచినీటికంటె నలుబదియవ వంతు అధికముగా బరువుండును. కనుక దిబ్బలలోని మంచినీరు సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున నిలిచినచో, దాని అడుగు సముద్రమట్టమునకు నలుబది అడుగుల క్రిందివరకు దిగియుండును. నేల తీరునుబట్టి ఈ లెక్క కొంత మారును గాని సారాంశము ఇదియే. వినుటకు ఎంత సంతోషకరమైన లెక్కయో చూడుడు. పైన అడుగు, క్రింద నలుబది అడుగులు!

అయితే ఈ లెక్కకు రెండవ ముఖమున్నది. పైమట్టము ఒక అడుగు తగ్గినచో అడుగున నలుబది అడుగుల తీపినీరు పోవును. ఒక్కనాటిలో పోదు, మెల్లమెల్లగా ఉప్పునీరు పైకి జరుగును. బలమైన మోటారుతో ఒకేచోట లోతునుండి తోడినచో ఆ చోటునకు సరిగా క్రింద ఉప్పునీరు పుట్టవలె పైకి లేచును. అందుచేతనే దొరువు నలుబదేండ్లు తీయగానుండిన పొలమున బోరు వేసిన మూడవ ఏట ఉప్పు వచ్చుచున్నది. బోరును ఇంకను లోతు చేసినచో తీపి తగులునని ఎంచి మరి ముప్పది అడుగులు దింపినవారిని మీరును నేనును ఎరుగుదుము. వారు లోతునకు పోయి ఉప్పును వెదకి తెచ్చుకొనిరి.

2004 డిసెంబరు 26వ తేదీని మన తీరమున మరచినవారు లేరు. ఆనాడు సునామీ కెరటము ఒడ్డునగల బావులలో ఉప్పునీరు నింపిపోయెను. ఆ ఉప్పు పైనుండి వచ్చినది. బావులు తోడిపోసితిమి, తరువాతి వర్షకాలములు చాలవరకు కడిగివేసినవి. క్రిందినుండి వచ్చు ఉప్పు అట్టిది కాదు. దానిని తోడిన మరింత వచ్చును.

రొయ్యల గుంటల విషయము ఎత్తక తప్పదు. ఈ భవనమునకు పైకప్పు వేయించిన దాతలలోను, చదువరుల గది బల్లలు ఇచ్చినవారిలోను రొయ్యల సాగుచే నాలుగు రూకలు గడించినవారున్నారు. వారి మేలు మరచి నేను మాటలాడుట లేదు. 1990 దశకమున టైగరు రొయ్య వచ్చినప్పుడు మన జిల్లా తీరమునకు డబ్బు వచ్చినది, తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ డబ్బును కొంత తీసికొనిపోయినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు గుంటలపై తీర్పు చెప్పినది. 2005లో తీర ప్రాంత జలసాగునకు ప్రత్యేక చట్టమును, ప్రాధికార సంస్థయు ఏర్పడినవి. 2009నుండి వెనామీ రొయ్య సాగునకు అనుమతి వచ్చినది. చట్టము సంగతి చట్టము చూచుకొనును. నేను చెప్పునది నీటి సంగతి. గుంటలో నిలిపిన ఉప్పునీరు ఇసుకనేలలో క్రిందికి దిగును. గుంటలోని ఉప్పు మితిమీరినప్పుడు పలుచన చేయుటకు బోరునుండి తీపినీరు తోడుదురు. అనగా పైనుండి ఉప్పు పోయుట, క్రిందినుండి తీపి లాగుట, రెండును ఒకే సరస్సునకు ఏకకాలమున జరుగుచున్నవి. గుంట యజమాని ఇంటి దొరువునకు మాత్రము ఇది తెలియకుండునా? ఆ ఇంటి ఇల్లాలును నేడు మంచినీటి డబ్బా కొనుచున్నది. మా ఇంటను కొనుచున్నాము. ముప్పదియేండ్ల క్రిందట మన ఊరిలో నీరు అమ్ముదురని ఎవరైన చెప్పినచో నవ్వియుందుము.

మార్గము లేకపోలేదు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు మన తాతల దొరువు పద్ధతినే తీసికొని మెరుగుపరచిరి. లోతు బోరునకు బదులు ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టములను అడ్డముగా పరచి, వాటినుండి నడుమనున్న బావిలోనికి నీరు చేరునట్లు చేయుదురు. పై మీగడ మాత్రమే మెల్లగా వచ్చును, క్రింది ఉప్పు కదలదు. ఒకే చోట లోతుగా లాగుటకు, విశాలముగా పైపైన తీయుటకు గల భేదమే అందులోని కిటుకు. ఖర్చున్నది. నలుగురు రైతులు కలిసినచో భరింపరానిది కాదు. ఇసుకదిబ్బలను అమ్ముకొనకుండుట మరియొక మార్గము. దిబ్బ పోయినచో వానను పట్టు గిన్నె పోయినట్లే. లారీలకెత్తిన ఇసుకలో ఎన్ని బిందెల నీటికి చోటుండెనో ఎవరును లెక్క చూచుట లేదు.

లెక్క చూడకపోవుటయే అసలు చిక్కు. వెనుక దొరువులో నీరు ఎంత లోతున నుండెనని అడిగిన, ఒకరు నాలుగడుగులందురు, ఒకరు చేతికందెడిదందురు. వ్రాతమూలకముగా ఏమియు లేదు. రాష్ట్ర భూగర్భజల శాఖవారు కొన్నిచోట్ల కొలమాన బావులు నెలకొల్పి మట్టములు నమోదు చేయుచున్నారు. అవి మండలమునకు చాలును గాని వీధికి చాలవు. పంచాయతీలో ఈ విషయము వచ్చినప్పుడెల్ల తగవై ముగియుచున్నది. గుంటలవారు గుంటలవలన కాదందురు, వరి రైతులు గుంటలవలననే యందురు, పాలెమువారు ఇద్దరివలన నందురు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున ఎవరే పుస్తకము తీసికొనిపోయిరో, ఎన్నడు తిరిగి ఇచ్చిరో తేదీతోసహా వ్రాసియుంచుచున్నాము. ఊరి నీటికి అట్టి ఖాతా లేదు.

కనుక కార్యవర్గమువారి అనుమతితో ఒక దళసరి అట్ట పుస్తకము కొని, వార్తాపత్రికల బల్లమీద ఉంచితిమి. దానిపై "నీటి ఖాతా" అని వ్రాసియున్నది. ఊరిలో పండ్రెండు చోట్లను ఏర్పరచితిమి. నాలుగు దొరువులు, మూడు ఇంటి బావులు, ఆలయపు బావి, పాలెములోని చేతిపంపు, మూడు బోర్లు. నెలకొకసారి, రెండవ ఆదివారము ఉదయము, మోటార్లు వేయకముందు కొలువవలెను. ముడులు వేసిన తాడు, చివర ఇనుపగుండు, అంతకుమించి పరికరమక్కరలేదు. ఉప్పుదనమును తెలుపు కలమువంటి చిన్న యంత్రమొకటి ఉన్నత పాఠశాల సైన్సు మాస్టరుగారు తెచ్చియిచ్చిరి. చేతిపంపులో నీటిమట్టము కొలువ వీలు లేదు గనుక అక్కడ ఉప్పుదనము మాత్రమే వ్రాయుదుము. పోటు వేళ ఒడ్డుదరి బావులలో మట్టము కొంచెము లేచును గనుక, కొలిచిన సమయమును, ఆనాటి తిథిని కూడ వ్రాయవలెనని సూచించినది మన పల్లెపాలెము పెద్దాయనయే. గుహలో ఆయన అడిగిన ప్రశ్న ఇక్కడ అక్కరకు వచ్చినది.

ఆ మూడు బోర్లలో రెండు గుంటలవారివి. వారు మొదట సందేహించిరి. పేరు వ్రాయక సంఖ్య మాత్రమే వ్రాయుదుమని చెప్పిన పిమ్మట ఒకరు అంగీకరించిరి. రెండవవారు ఈ సభలోనే కూర్చున్నారు, వారి మాటకై ఎదురుచూచుచున్నాము. పుస్తకములో ఇప్పటికి ఒకే పుట నిండినది. ఆ పుట ప్రకారము ఆలయపు బావిలో నీరు గట్టునుండి పదునొకండు అడుగుల లోతున, తూర్పు దొరువులో ఆరున్నర అడుగుల లోతున నున్నది. తూర్పు దొరువు ఇంకను తీయగానే యున్నది. రెండవ కొలత వచ్చు ఆదివారము. ఏడు గంటలకు గ్రంథాలయము మెట్లవద్ద కలుసుకొందము. తాడు, గుండు నేను తెచ్చెదను. వ్రాయుటకు చదువుకొన్న పిల్లలిద్దరు కావలెను.